అమావాస్య నాటి రికార్డింగు

ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. టీవీ కాస్త తగ్గించండి. ఈ ముచ్చటలో ఉన్న చప్పుడే ఇల్లంతా నిండుతుంది, దానికి జాగా కావాలి. నేను చదివింది నాలుగో తరగతి వరకే, కాబట్టి తారీకులు అడగకండి. ఎవరు ఏ రంగు అంగీ తొడుక్కున్నారో, ఎవరు ఎవర్ని ఏమన్నారో అడగండి, ఒక్క మాట పొల్లుపోకుండా చెబుతాను.

మా పుట్టిల్లు కోరుట్ల. నన్ను ఇచ్చింది సిరిసిల్లకు. అత్తగారింటి వెనకే కార్ఖానా, అందులో నాలుగు సాంచెలు. కరెంటుతో నడిచే మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. పెళ్లయి వెళ్లిన మొదటి రోజు చూస్తే ఆ ఇంట్లో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. అత్తమ్మ వేలు తిప్పితే చాయ్, అరచెయ్యి బోర్లిస్తే అన్నం, చెవి పట్టుకుంటే ఎవరో వచ్చారని. నన్ను మూగవాళ్ల ఇంట్లో ఇచ్చారని మా అమ్మ మీద కోపంతో రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు కరెంటు పోయింది. అప్పుడు చూడాలి, ఒక్కొక్కరికి ఎంత గొంతు! సాంచెల మధ్య అరిచి లాభం లేదని మా గల్లీ గల్లీ అంతా సైగలు నేర్చుకుందని అప్పుడు తెలిసింది. తర్వాత నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇరుగింటామెతో మూడు వాకిళ్ల అవతలి నుంచి కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి కూడా చెప్పగలను.

మా ఆయన మామూలు రోజుల్లో సాంచెల దగ్గర, పెళ్లిళ్ల రోజుల్లో జగిత్యాల బ్యాండులో. మూడు నాలుగు డ్రమ్ములు, ఇత్తడి పళ్లేలు, కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము, అన్నీ ముందర పేర్చుకుని ఒక్కడే వాయించే సెట్టు ఉంటుంది చూడండి, దాన్ని మా దగ్గర జాజ్ అంటారు. ఆ బ్యాండులో జాజ్ మా ఆయనది. ట్రాలీ ఆటో మీద జాజ్ పెట్టి, దాని వెనక స్టూలు వేసుకుని, పెళ్లికొడుకు గుర్రం కంటే ముందు ఊళ్లోకి వచ్చేది ఆయనే.

రికార్డింగులు కూడా చాలానే చేశాడు. అయితే అన్నీ ఇంకొకరివి. మా పెళ్లయిన కొత్తలో కోరుట్ల భజన వాళ్ల క్యాసెట్‌కు వాయించాడు. అట్ట మీద పదకొండు మంది ఫొటో వేశారు, మా ఆయనది మోచెయ్యి పడింది. ఆ మోచెయ్యిని మా అమ్మ గుర్తుపట్టి వాడంతా తిప్పి చూపించింది. రాయికల్ నుంచి బీడీలు చేసే ఆడవాళ్లు బతుకమ్మ పాటలు పాడటానికి వచ్చారు. చేతులు ఊరికే ఉంటే గొంతు లేవదన్నారని చాటలు ఒళ్లో పెట్టుకోనిచ్చారు. పాటలు అయిపోయేసరికి బీడీల కట్టలూ అయిపోయాయి. బుగ్గారంలో సర్పంచి పోటీకి నిలబడ్డ ఒకాయన ప్రచారం పాటకు వాయించాడు. ఆయన ఓడిపోయాడు. గెలిచినాయన మా ఆయన్ను పిలిచి శాలువా కప్పాడు. ఆ డ్రమ్ము దెబ్బకు జనం ఎగిరి ఎగిరి, పాటలో ఉన్న గుర్తే మరిచిపోయారట. బోయినపల్లి దిక్కు ఒకాయనైతే తన ట్రాక్టరు మీద తనే పాట కట్టి పాడుకున్నాడు. దానికీ మా ఆయనే.

ఇన్ని చేసినా ఎక్కడా పేరు లేదు. పాడినవాళ్ల పేరు పెద్దగా, రాసినవాళ్ల పేరు కాస్త చిన్నగా, ఆ కింద ‘మరియు బృందం’ అని ఉంటుంది. ఇరవై ఏళ్లు మా ఆయన ఆ మరియు బృందంలోనే కాపురం చేశాడు. ఎప్పుడూ ఏమనలేదు. అడిగితే, పప్పులో ఉప్పుకు పేరు ఉంటుందా అనేవాడు.

ఆ మనిషిని చెడగొట్టింది మా తమ్ముడు.

మా తమ్ముడు దుబాయిలో ఒక హోటల్లో కప్పులు, గ్లాసులు తీసే పని చేసేవాడు. ఆ హోటల్లో శుక్రవారం శుక్రవారం ఒక బ్యాండు వాయించేదట. అక్కడ జాజ్ అంటే డ్రమ్ముల సెట్టు కాదు, ఆ సంగీతానికే అది పేరట. సెలవు మీద వచ్చినప్పుడు వాడు బావ కోసం సెంటు సీసాతో పాటు ఒక పెన్ డ్రైవు తెచ్చాడు. అందులో ఎవరో ఒక డ్రమ్ములాయన రికార్డింగులు. కొన్ని వేరేవాళ్ల బ్యాండులో వాయించినవి, కొన్ని ఆయనే పెద్దగా ఉండి, తన బ్యాండుతో చేసినవి.

నెల రోజులు మా ఇంట్లో అవే. నేను ఉల్లిగడ్డలు కోస్తుంటే అవే, మా పిల్ల పరీక్షలకు చదువుతుంటే అవే. నాకైతే మొదట్లో వంటింట్లో పిల్లి గిన్నెల మీద పడ్డట్టే అనిపించింది. తర్వాత తర్వాత, పడ్డా పిల్లి లెక్క ప్రకారమే పడుతున్నదని తెలిసింది. ఒక రోజు మా ఆయన చెవుల్లోంచి వైర్లు తీసి, ఫోను మీద అక్షరాలు చూపించి, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"డ్రమ్ము కొట్టెటాయన పేరే పైన ఉన్నదే. మిగిలినోళ్లంత కింద ఉన్నరు."

అంతే, ఆ రోజు అన్నం సరిగా తినలేదు. పేరు పైన ఉంటే వాయించడంలో తేడా ఏముంటుందని అడిగాను. ఒక ముక్క ఇంకోసారి విని చెప్పాడు.

"వేరేటోళ్లకు వాయించినప్పుడు గాయిన వాళ్ల ఎనక నడుస్తడు. తనదైతే ముంగటికి ఉరుకుతడనుకున్న. ఉరుకడే. మధ్యల ఊకె ఆగుతడు. గప్పుడు అందరు ఆయన దిక్కే సూస్తరు."

గుమ్మం దగ్గర కండెలకు నూలు చుడుతున్న అత్తమ్మ తల ఎత్తలేదు. "ఆగుడు గూడ పనేనా కొడుకా? గట్లయితే మీ నాయిన ఎంత పెద్ద కళాకారుడో," అంది.

మా మామ పని దొంగ అని గల్లీ అంతటికీ తెలుసు లెండి. అత్తమ్మకు కొడుకు డ్రమ్ము వాయించడం పని కిందికి వచ్చేది కాదు. ఆమె దాన్ని ‘కొట్టుడు’ అనేది. కొట్టుడుకు పోయిండు, కొట్టుడు నుంచి అచ్చిండు, అంతే. ఆయన చేసిన రికార్డింగుల్లో ఒక్కటి కూడా ఆమె కూర్చుని విన్నది లేదు. ఎప్పుడడిగినా సాంచె నడుస్తోంది అనేది.

ఇక మా ఆయనకు ఒకటే పట్టుకుంది. ఒక్క రికార్డింగు తనది కావాలి. పాట ఉండదు, పాడేవాళ్లు ఉండరు. ఎనిమిది నిమిషాలు, తను అనుకున్నట్టు. సాంచెల మధ్య తిరుగుతూనే మనసులో అల్లుకున్నాడు. విన్నవాళ్లంతా, బాగుంది గాని పాట ఏదీ అన్నారు.

తోడుకు ఇద్దరిని అనుకున్నాడు. ఒకరు జగిత్యాల బ్యాండులో క్లారినెట్ ఊదే పెద్దమనిషి, అందరూ కాకా అంటారు. ఇంకొకాయన రాయికల్ నుంచి కీబోర్డాయన. ఇద్దరూ సరే అన్నారు. అన్నారు కాని, కీబోర్డాయనకు మస్కట్ వీసా వచ్చింది, ఆ వారంలోనే ప్రయాణం. కాకాకు ముందటి పై పన్ను ఊగుతోంది. పంటి డాక్టరు తీసేయాల్సిందే అన్నాడు. ఆ పన్ను లేకపోతే క్లారినెట్ పట్టు నిలవదు. కాకా ఆ పన్నును కాపాడుకుంటూ పది రోజులుగా మెత్తటి గటక జావ తాగి బతుకుతున్నాడు. ఒకరి వీసా, ఒకరి పన్ను, ఈ రెండింటి మధ్య మిగిలింది ఒకటి రెండు రోజులే. అది దాటితే మా ఆయన మళ్లీ మరియు బృందమే.

ఆ ఒకటి రెండు రోజుల్లో అమావాస్యను కోరి పెట్టుకున్నాడు. ఎందుకంటే స్టూడియో మా కార్ఖానా వెనక గోడకు ఆనుకునే ఉంది. గోడలకు పాత బొంతలు కొట్టి ఎంత మూసినా, సాంచెల చప్పుడు సన్నగా లోపలికి వస్తుంది. స్టూడియో ఆయన తర్వాత కంప్యూటర్లో దాన్ని తీసేసేవాడు, దాంతో పాటు ఇత్తడి పళ్లెం చప్పుడు కూడా సగం కొట్టుకుపోయేది. తన సొంత దానికి అట్లా కావద్దన్నాడు మా ఆయన. సూది పడ్డా వినపడాలన్నాడు. మా గల్లీలో అమావాస్య నాడు సాంచె నడవదు. అది పెద్దల నుంచి వస్తున్న కట్టుబాటు. ఆ రోజు సాంచెలకు నూనె పోస్తారు, పసుపు కుంకుమ పెడతారు, ఊదుబత్తి ముట్టిస్తారు, ముట్టుకుని మొక్కుతారు, అంతే. గల్లీ అంతా నిశ్శబ్దం. రికార్డింగుకు అంతకంటే మంచి రోజు ఏముంటుంది అనుకున్నాం. అందరం అనుకున్నాం, నేను కూడా.

ఆ రోజు పొద్దున కాకా తెల్ల ధోవతి మీద పెళ్లి బ్యాండు ఎర్ర కోటు వేసుకుని వచ్చాడు. ఫొటో తీయరు కాకా అంటే, తియ్యకపోతేంది, మర్యాద మర్యాదే అన్నాడు. కీబోర్డాయన మెడలో సంచి, సంచిలో పాసుపోర్టు, స్నానానికి పోయినా అది వదలడం లేదట. నేను చాయ్ ఫ్లాస్కుతో తలుపు దగ్గర కూర్చున్నాను. స్టూడియో ఆయన వేలు ఎత్తాడు.

మొదలు బాగానే ఉంది. రెండో నిమిషంలో నా పాదం తొందరపడటం మొదలుపెట్టింది. నా పాదం తప్పు అనుకున్నాను. మూడో నిమిషానికి కీబోర్డాయన వేళ్లు చీమల మీద నీళ్లు పోసినట్టు పరుగెత్తుతున్నాయి. కాకా ముఖం కోటు రంగుకు వచ్చింది. ఎనిమిది నిమిషాలది అయిదు నిమిషాల్లో అయిపోయింది.

కాకా ఊపిరి తీసుకుని, పన్ను ఉన్నదో లేదో వేలితో చూసుకుని అన్నాడు, "బిడ్డా, పెండ్లికొడుకు పారిపోతున్నడా ఏంది, మనం పట్టుకోను ఉరుకుతున్నం?"

రెండోసారి నాలుగున్నర నిమిషాలు. మూడోసారి మధ్యలోనే మా ఆయన కర్రలు కింద పెట్టేశాడు. తనకే తెలుస్తోంది, ఆపుకోలేకపోతున్నాడు. స్టూడియో ఆయన, మా ఆయన చెవుల్లో టిక్కు టిక్కుమనే లెక్క పెట్టాడు. అది నల్లా కారుతున్నట్టుందని మా ఆయన తీసేశాడు. కీబోర్డాయన ఫోనులో ఉన్న తాళం పెట్టి చూశారు. అది కోడి గింజలు పొడిచినట్టుంది. నాలుగోసారి ఆయన మొదలే పెట్టలేదు. రెండు కర్రలు తొడ మీద పెట్టుకుని, ఇరవై ఏళ్లు వాయించిన మనిషి, కొత్త కోడలిలా తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. ఎన్నేళ్లుగానో కళ్ల ముందే ఉన్నది, ఎవరూ చూడలేదు. ఆ మనిషి తింటుండగా కరెంటు పోతే ముద్ద నోటి దగ్గర ఆగిపోతుంది. పగలు పడుకుంటే, సాంచెలు నడిచినంతసేపు గురక, ఆగితే దిగ్గున లేచి కూర్చుంటాడు. ఇంతవరకూ చేసిన రికార్డింగులన్నీ ఆ గదిలోనే, గోడ అవతల నాలుగు సాంచెలు నడుస్తుండగా. పెళ్లి ఊరేగింపులో సాంచెలు ఉండవు కదా అంటారేమో. ఊరేగింపులో వేగం పెరిగితే ఎవరూ అడగరు, పెరగకపోతేనే అడుగుతారు. మేం వద్దని, తీసేయాలని, ఏరి కోరి ఆపిన చప్పుడే ఇన్నేళ్లూ ఆయన్ను పట్టి నడిపించింది.

ఫ్లాస్కు అక్కడే పెట్టి కార్ఖానాలోకి పోయాను. అత్తమ్మ సాంచెలకు నూనె పోసి, బొట్లు పెట్టి, చేతులు తుడుచుకుంటోంది. సంగతి అంతా చెప్పాను. ఒక్క సాంచె, ఒక్క పదినిమిషాలు అన్నాను.

ఆమె ఇంకోసారి చేతులు తుడుచుకుంది. మామ చనిపోయిన నెలలో కూడా అమావాస్య తప్పలేదని, సర్కారు చీరల ఆర్డరప్పుడు గల్లీలో కొందరు చాటుగా నడిపినా తను స్విచ్చు ముట్టలేదని చెప్పింది. నాకు తెలియనిది కాదు. తర్వాత అడిగింది.

"వాడు గంతగనం ఆగమైతుండా?"

"మూడుసార్లు ఉరికిండు అత్తమ్మా. ఇప్పుడు కట్టెలే ముడుతలేడు."

ఆమె మూలన ఉన్న సాంచె వైపు చూసింది. నాలుగింటిలో అది ముసలిది, మామ కాలం నాటిది. "దీని పక్కపొంటే ఊయల కట్టిన వానికి. సాంచె ఆగితే ఏడ్సెటోడు. గందుకే బువ్వ తినుకుంట గూడ ఆపకపోయేదాన్ని," అంది. దేవుడితో బేరం చేస్తున్నట్టు తనలో తనే అంది, "బట్ట పుడితే నేసుడు. బట్ట పుట్టకపోతే చప్పుడే. చప్పుడుకు అమావాస్య ఏంది, పున్నమి ఏంది."

ఆ సాంచె మీద నూలు అయిపోయి, కొత్త నూలు కోసం ఖాళీగా ఉంది. నాడెలోంచి కండె తీసేసింది. అటూ ఇటూ ఉరికే ఆ నాడె మాత్రం ఉండాలి, లేకపోతే సాంచె నడవదు. దారం లేకపోతే సాంచెను ఆపే చిన్న పుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని గుడ్డ పేలికతో కట్టేసింది. లెంపలు వేసుకుంది. సాంచెకు ఇంకో బొట్టు పెట్టింది, లంచం ఇచ్చినట్టు. స్విచ్చు వేసింది.

నేను స్టూడియోకు ఉరికాను. నేను చెప్పేదాకా ఏముంది, గోడ అప్పటికే చెబుతోంది. టకాటకా టకాటకా. నేల కింద సన్నగా అదురు. మా ఆయన తల ఎత్తాడు. కర్రలు తీసుకున్నాడు. కాకా ఎర్ర కోటు గుండీ పెట్టుకున్నాడు. స్టూడియో ఆయన వేలు ఎత్తాడు.

ఈసారి నా పాదం నా మాట విన్నది.

సగంలో నాకు భయం పట్టుకుంది. అమావాస్య నాడు సాంచె చప్పుడు వింటే గల్లీ ఊరుకుంటుందా? కిటికీ సందులోంచి చూస్తే కార్ఖానా తెరిచిన తలుపు ముందు పదిహేను మంది ఉన్నారు. ముందు ఎదురింటి పెద్దమ్మ, కొంగు నడుముకు దోపి. వాళ్లు గొంతెత్తితే ఇక్కడ రికార్డింగు పోయినట్టే. కాని సాంచె నడుస్తున్న కార్ఖానా ముందు నిలబడి మా గల్లీవాళ్లు ఎప్పుడైనా నోటితో మాట్లాడారా? అలవాటు చేతుల్లోనే ఉంది. పెద్దమ్మ మణికట్టు తిప్పి, ఆకాశం చూపించి, గడ్డం పట్టుకుంది. అంటే, ఇయ్యాల అమావాస్య, సిగ్గు లేదా అని. అత్తమ్మ ఖాళీ నాడె విప్పి చూపినట్టు రెండు వేళ్లు విప్పింది, బట్ట చుట్టే ఖాళీ దండె మీద అరచెయ్యి కొట్టింది. గజం బట్ట ఉంటే చూపు అని. వెనక నుంచి ఒకాయన మరి ఎందుకు అని చేతులు ఊపాడు. అత్తమ్మ చెవి పట్టుకుని గోడ వైపు చూపించి, రెండు వేళ్లతో గాలిలో డ్రమ్ము కొట్టింది. పెద్దమ్మ నుదురు బాదుకుంది. అంత పెద్ద కొట్లాట, శాపనార్థాలతో సహా, ఒక్క మాట బయటికి రాకుండా అయిపోయింది. తర్వాత అందరూ గడప మీద, అరుగు మీద కూర్చున్నారు. పెద్దమ్మ కొంగు వదులు చేసుకుంది.

లోపల ఏడో నిమిషంలో మా ఆయన ఆగాడు. పూర్తిగా ఆగాడు. కాకా ఆగాడు, కీబోర్డాయన వేళ్లు గాలిలో ఉన్నాయి. గోడ అవతల సాంచె ఒక్కటే నడుస్తోంది. అందరం ఆయన వైపే చూస్తున్నాం. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. తర్వాత కర్ర దించాడు, అందరూ కలిసి ఇంటికి వచ్చినట్టు వచ్చేశారు.

స్టూడియో ఆయన చెయ్యి దించగానే కాకా నోట్లోంచి క్లారినెట్ తీసి, దస్తీ అడ్డం పెట్టుకుని, పన్ను చేతిలోకి తీసుకున్నాడు. "నా పని అయింది, దాని పని గూడ అయింది," అన్నాడు. జేబులో వేసుకున్నాడు.

సాంచె చప్పుడు తీసేస్తానని స్టూడియో ఆయన అంటే మా ఆయన వద్దన్నాడు. ఫోనుల్లో అందరూ చూసే చానల్లో పెట్టారు. పైన మా ఆయన పేరు, పెద్ద అక్షరాలతో. కింద క్లారినెట్ ఎవరో, కీబోర్డు ఎవరో. ఆ కింద ‘సాంచె’ అని అత్తమ్మ పేరు. అలవాటు కొద్దీ స్టూడియో ఆయన చివర మరియు బృందం అని కొట్టాడు. ఇంకెవరున్నరని మా ఆయన తీయించేశాడు. తర్వాత నాకు అనుమానం వచ్చింది, ఆ బృందం నేనేమో, చాయ్ ఫ్లాస్కుతో.

చాలామందే విన్నారు. మస్కట్‌లో గదిలో ఉన్న తొమ్మిది మందికీ వినిపించానని కీబోర్డాయన చెప్పాడు. గల్ఫులో ఉన్న మా సిరిసిల్ల వాళ్లు రాసిన మాటలు మా పిల్ల చదివి వినిపించింది. సాంచె చప్పుడు వింటే అమ్మ యాదికొచ్చిందని ఒకరు, నిద్ర మంచిగా పట్టిందని ఒకరు. ఒకాయన మాత్రం, సాంచె చాలా బాగుంది, మధ్యలో ఎవరో డ్రమ్ములు కొడుతున్నారు, అవి తీసేసి మళ్లీ పెట్టండి అని రాశాడు. మా ఆయన అది మూడుసార్లు చదివించుకుని, మూడుసార్లూ నవ్వాడు.

ఇక అత్తమ్మ. వారం దాకా వినలేదు. సాంచె నడుస్తోంది అనేది. తర్వాత ఒక మంగళవారం, పనిరోజు, నడిమధ్యాహ్నం, ఇల్లు ఒక్కసారిగా చల్లబడ్డట్టు నిశ్శబ్దమైంది. కరెంటు పోయిందనుకున్నాను. చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. కార్ఖానాలోకి పోతే అత్తమ్మ నాలుగు స్విచ్చులూ ఆపి స్టూలు మీద కూర్చుంది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి పనిరోజు ఆమె చేత్తో సాంచె ఆపడం చూడలేదు. ఫోను తెమ్మని సైగ చేసింది. చప్పుడు లేకపోయినా సైగే చేసింది.

ఎనిమిది నిమిషాలూ విన్నది. మా ఆయన తలుపు పక్కన నిలబడ్డాడు, పరీక్ష రాసినవాడిలా. అయిపోయాక ఫోను చెవి దగ్గర నుంచి దించి, అద్దం తుడిచినట్టు కొంగుతో తుడిచి నాకు ఇచ్చింది.

"నా సాంచె మంచిగ నడిచింది," అంది. లేచి మొదటి స్విచ్చు వేయబోతూ ఆగింది. "నువ్వు గూడ యాడ తప్పలే కొడుకా. గా మధ్యల ఆగినవు సూడు, గది మంచిగున్నది."

నాలుగు సాంచెలూ మళ్లీ మొదలయ్యాయి. మా ఆయన ఏమన్నాడో ఆ చప్పుడులో నాకు వినపడలేదు. చేతులు చూస్తే, రెండు వేళ్లు తలుపు చెక్క మీద సాంచెల లెక్కకు ఆడుతున్నాయి.

సరే, ఇక చాయ్ పెడతాను, లేవకండి. మీ ఇంట్లో ఎవరి పనికి ఎవరి చప్పుడు తోడో, ఆ చప్పుడు ఎన్నటికీ ఆగకుండా ఉండాలి. మీ వాళ్ల పేరు ఏ కాగితం మీదైనా పైనే పడాలి. మీ పొయ్యి మీద గిన్నె, మీ పెద్దవాళ్ల నోట్లో పన్ను, రెండూ కదలకుండా నిండుగా ఉండాలి, మీరు చల్లగా ఉండాలి.